ఏ మందు, ఏ రోజున



ములుగు జిల్లాలో కోళ్లు తిరగని వాకిలి అరుదు. తాడ్వాయి, ఏటూరునాగారం, కన్నాయిగూడెం వైపు గూడేలకు వెళ్తే ప్రతి ఇంటి చూరు కింద ఒక గంప, ఆ గంపలో ఊక, ఊక మీద రెక్కలు విప్పుకొని కూర్చున్న ఒక పెట్ట కనిపిస్తాయి. మేడారం జాతరకని పుంజును ముందే అనుకుని పెంచేవాళ్లు ఉన్నారు. పొదిగేసిన 21 రోజులకు పిల్లలు లేస్తాయన్న సంగతి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ 21 రోజుల లోపలి సంగతి. గుడ్డులో పిల్ల తయారవుతున్నప్పుడు ఒక మందు లోపలికి చేరితే ఏమవుతుంది? ఏ రోజున చేరితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు వేసి, గుడ్లు పగలగొట్టి చూసినవాళ్ల వల్ల కూడా గర్భిణికి ఏ గోళీ ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో డాక్టర్లకు కొంత తెలిసింది. ఆ కథలో మన భీమవరం మనిషి ఒకరున్నారు. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచిన గుడ్డును తీసి, మొద్దు కొస దగ్గర పెంకును సన్న కత్తెరతో రూపాయి బిళ్లంత మేర తొలగిస్తే పిండం కంటికి నేరుగా కనిపిస్తుంది. పచ్చసొన మీద ఎర్రని సన్నటి నాళాలు నలువైపులా పాకి ఉంటాయి. నడుమ మినప గింజంత కూడా లేని ఎర్రటి చుక్క ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది. అదే గుండె. "సార్, ఇది బతికే ఉందా?" అని అడగని విద్యార్థి ఉండడు. బతికే ఉంది. రెండో రోజు సగం గడిచేసరికే ఆ గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. రమారమి 2,300 ఏళ్ల కిందట గ్రీకు దేశంలో అరిస్టాటిల్ కూడా గుడ్లు పగలగొట్టి ఈ చుక్కనే చూశాడు, చూసింది చూసినట్టు రాసిపెట్టాడు.

గుండె కంటే ముందు మొదలయ్యేది వెన్నుపాము, మెదడు. చదునుగా ఉన్న ఒక పొర మధ్యలో గాడి పడి, రెండంచులు పైకి లేచి, ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా మూసుకుంటుంది. కోడి పిండంలో ఈ పని రెండో రోజు ముగిసేసరికి దాదాపు అయిపోతుంది. మూడో రోజున రెక్కలకు, కాళ్లకు మొలకలు వస్తాయి. నాలుగో రోజుకు కన్ను నల్లబడుతుంది. ఆరు, ఏడు రోజులకు ముక్కు ఆకారం, ఆ తర్వాత ఈకల మొలకలు. పద్నాలుగో రోజుకు పిల్ల మొద్దు కొస వైపు తల తిప్పుకుంటుంది. పందొమ్మిదో రోజుకు మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. 1951లో విక్టర్ హాంబర్గర్, హోవార్డ్ హామిల్టన్ అనే ఇద్దరు ఈ 21 రోజులను 46 దశలుగా విడగొట్టి బొమ్మలతో సహా అచ్చువేశారు. ప్రపంచంలో ఏ ప్రయోగశాలలోనైనా ఇవాళ్టికీ కోడి పిండం వయసు చెప్పేది ఆ దశల లెక్కతోనే.

ఇక భీమవరం మనిషి సంగతి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టారు. ఆయన అన్న స్ప్రూ అనే జబ్బుతో చనిపోయాడు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బు అది. అదే జబ్బు సుబ్బారావు గారినీ పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, 1940లో లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరి దానికి అధిపతి అయ్యారు. ఆ శాలలో ఆయన బృందం వెంటపడిన పదార్థాల్లో ఒకటి ఫోలిక్ ఆమ్లం. దానికి ముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని 1931లోనే చెప్పారు. అమెరికాలో కోడిపిల్లల మీద పనిచేసేవాళ్లకూ మేతలో ఏదో ఒక పదార్థం లేకపోతే పిల్లలకు రక్తం తగ్గిపోతోందని అర్థమైంది. ఇద్దరూ వెతుకుతున్నది ఒక్కటే, ఫోలిక్ ఆమ్లం. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది.

కణం రెండుగా చీలాలంటే ముందు తన డి.ఎన్.ఎ.ను ఇంకో ప్రతి రాసుకోవాలి. దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఇక్కడ సుబ్బారావు గారి బృందం ఇంకో అడుగు వేసింది. ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి, చూడటానికి అదే అనిపించే మరో పదార్థం తయారుచేసింది. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లం అనుకుని తీసుకుంటుంది, కానీ దానితో పని జరగదు. పని జరగకపోవడమే కాదు, అసలైన ఫోలిక్ ఆమ్లంతో జరగాల్సిన పనిని కూడా అది అడ్డగిస్తుంది. అదే అమైనోప్టెరిన్. దాని తమ్ముడి వంటిది మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్, రక్త క్యాన్సర్‌తో రోజులు లెక్కపెట్టుకుంటున్న పసిపిల్లలకు సుబ్బారావు గారి శాల నుంచి వచ్చిన అమైనోప్టెరిన్ ఇచ్చారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. అంతకు ముందు మందుతో ఆ జబ్బు వెనక్కి తగ్గడం అనేది దాదాపు లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆయనకు 53 ఏళ్లు.

క్యాన్సర్ కణం ఆపకుండా చీలుతుంది, కాబట్టి ఈ మందు దాన్ని దెబ్బతీసింది. సరే, ఆపకుండా చీలే కణాలు ఇంకెక్కడున్నాయి? గర్భంలో ఉన్న పిండంలో. న్యూయార్క్‌లో స్లోన్ కెటరింగ్ సంస్థలో డేవిడ్ కార్నోఫ్‌స్కీ అనే డాక్టర్, 1949లో, ఈ ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందులను పొదిగిన కోడిగుడ్లలోకి ఎక్కించి చూశారు. పిండాల ఎదుగుదల కుంటుపడింది. మోతాదు పెరిగితే చనిపోయాయి. క్యాన్సర్ రోగి ఎంతవరకు తన పనులు తాను చేసుకోగలడో నూటికి ఇన్ని అని డాక్టర్లు మార్కులు వేస్తారు చూడండి, ఆ కొలమానం కూడా ఈ కార్నోఫ్‌స్కీ పేరు మీదే నడుస్తోంది. మూడేళ్లకు, 1952లో, అమెరికాలోనే తీర్ష్ అనే డాక్టర్ మరో సంగతి బయటపెట్టారు. జబ్బుపడి గర్భం మోయలేని స్త్రీలకు గర్భం తీసెయ్యడానికి అమైనోప్టెరిన్ ఇచ్చారు. కొందరిలో గర్భం పోలేదు. ఆ పిండాలు అవకరాలతో ఉన్నాయి. గుడ్డులో కనిపించింది గర్భంలోనూ జరిగింది.

కార్నోఫ్‌స్కీ ఆ తర్వాత చాలా మందులను గుడ్లలోకి ఎక్కించి చూసి ఒక నిర్ధారణకు వచ్చారు. ఏ మందైనా సరే, తగిన మోతాదులో, తగిన దశలో, తగిన జాతి పిండానికి చేరితే ఎదుగుదలను చెడగొట్టగలదు అన్నారు. నా లెక్కలో ఇందులో బరువైన మాట 'దశ'. మందును మంచిది, చెడ్డది అని రెండు కుప్పలుగా పోసి మాట్లాడటం మనకు అలవాటు. పిండం విషయంలో ఆ లెక్క సరిపోదు. వరి రైతుకు ఇది తెలిసిన సంగతే: నారు మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు నీళ్లు తప్పితే మడి మళ్లీ తేరుకుంటుంది, అదే పొట్ట దశలో నీళ్లు తప్పితే కంకి తాలుపోతుంది. ఏ అవయవం తయారవుతున్న రోజున మందు తగిలితే ఆ అవయవానికే దెబ్బ.

థాలిడోమైడ్ కథ దీనికి గట్టి సాక్ష్యం. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చింది. గర్భిణుల వేవిళ్లకూ వాడారు. ఎలుకల మీద చూశారు, ఏమీ కాలేదు, కాబట్టి భయం లేదన్నారు. 1961 నవంబరులో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకునేసరికి ప్రపంచం మొత్తం మీద పదివేలకు పైగా పిల్లలు పొట్టి చేతులతో, అసలు చేతులే లేకుండా పుట్టారని అంచనా. గర్భం నిలిచాక 20వ రోజు నుంచి 36వ రోజు మధ్య ఆ మాత్ర వేసుకున్న తల్లుల పిల్లలకే ఎక్కువగా ఆ అవకరాలు వచ్చాయి. ఆ రెండు వారాలు దాటాక వేసుకున్న తల్లుల పిల్లలకు చేతులు బాగానే ఉన్నాయి. ఎలుక చెప్పలేని మాట కోడి పిండం చెప్పింది. 2009లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో నీల్ వార్గెసన్ బృందం, థాలిడోమైడ్ జాతి మందును కోడి పిండాలకు ఇచ్చి, రెక్క మొలక పెరుగుతున్న దశలో అప్పుడే పుడుతున్న లేత రక్తనాళాలను అది నాశనం చేస్తోందని చూపించింది. రక్తం అందని మొలక ఎదగదు. ముదిరిన నాళాలకు ఏమీ కాదు. పిల్లలు అవకరాలతో పుట్టి దాదాపు యాభై ఏళ్లు గడిచాక కారణం ఒక కొలిక్కి వచ్చిందన్నమాట. ఆ మందు మాత్రం పోలేదు. ఒక రకం క్యాన్సర్‌కు, కుష్టు రోగుల్లో వచ్చే తీవ్రమైన మంట, గడ్డలకు ఇవాళ్టికీ మన దేశంలో వాడుతున్నారు, గర్భం రాకుండా గట్టి కాపలా పెట్టి.

అయితే గుడ్డులో చెడింది కాబట్టి గర్భంలోనూ చెడుతుందని ఒక్క ప్రయోగంతో తేల్చెయ్యకూడదు. గుడ్డుకు మాయ లేదు, తల్లి కాలేయం లేదు. తల్లి వేసుకున్న మందును ఆమె కాలేయం, మూత్రపిండాలు చాలావరకు విరిచేసి బయటికి పంపుతాయి. గుడ్డులోకి సూదితో ఎక్కించింది గుడ్డులోనే ఉండిపోతుంది. ఆ మాటకొస్తే పెంకుకు బెజ్జం పెట్టినందుకే కొన్ని పిండాలు చనిపోతాయి. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు కొన్ని గుడ్లకు మందు ఎక్కిస్తే, అన్నే గుడ్లకు ఉత్త ఉప్పునీరు ఎక్కించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అట్లా పోల్చకుండా ఫలానా మందు విషమని ఎవరైనా అంటే నేను నమ్మను, మీరూ నమ్మవద్దు.

సుబ్బారావు గారి శాలలోంచే 1948లో ఇంకో మందు వచ్చింది, ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1960 ప్రాంతంలో బెవలాండర్ అనే పరిశోధకుడి బృందం టెట్రాసైక్లిన్‌ను కోడి పిండాల్లోకి ఎక్కిస్తే కాళ్ల ఎముకలు కురచగా పెరిగాయి. ఈ మందు సున్నంతో, అంటే కాల్షియంతో, అంటుకుని ఎముకలో చేరి కూర్చుంటుంది. మనుషుల్లో ఇది చెడుపు చేసేది నాలుగో నెల దాటాక, ఎముకలూ పళ్లూ గట్టిపడే కాలంలో. పుట్టిన బిడ్డకు పాలపళ్లు పసుపు రంగుతో వస్తాయి. మెథోట్రెక్సేట్‌తో భయం మొదటి వారాల్లో, టెట్రాసైక్లిన్‌తో భయం చివరి నెలల్లో. రెండూ ఒకే శాలలోంచి వచ్చినవి, రెండూ ఎందరినో బతికించినవి.

ఇప్పుడు మన వాకిట్లోని కోళ్లకు వద్దాం. పెట్టకు మందు పెడితే గుడ్డులోకి చేరుతుందా అని చాలామంది అడుగుతారు. చాలా మందులు చేరతాయి. గుడ్డు పెట్టలో తయారయ్యే తీరు చూడండి. తెల్లసొన చుట్టుకోవడానికి మూడు గంటలు, పెంకు కట్టడానికి ఇరవై గంటలు పడుతుంది. పచ్చసొన మాత్రం దానికి ముందు పది రోజులుగా పొర మీద పొరగా పేరుకుంటూ వస్తుంది. ఒకేసారి ఏడెనిమిది సొనలు చిన్నవి, పెద్దవి వరుసగా పెరుగుతూ ఉంటాయి. ఇవాళ ఇచ్చిన మందు ఇవాళ్టి గుడ్డులోనే కాదు, వచ్చే పది రోజుల పాటు పెట్టబోయే గుడ్ల సొనల్లో కూడా ఉండవచ్చు. నిన్నటితో మందు ఆపేశాం కదా అని ఇవాళ్టి గుడ్డును పొదిగెయ్యడంలో ఉన్న తప్పు అదే.

దీన్ని ఉత్త కంటితో చూపించే మందు ఒకటుంది, నికార్‌బాజిన్. కోడిపిల్లలకు వచ్చే రక్త పారుడు రాకుండా బ్రాయిలర్ దాణాల్లో కలిపే మందుల్లో ఇది ఒకటి. 1950ల నుంచీ వాడుకలో ఉంది. బ్రాయిలర్ గుడ్లు పెట్టే వయసుదాకా బతకదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. గుడ్లు పెట్టే పెట్ట తింటే వేరే సంగతి. గోధుమ రంగు గుడ్లు పెట్టే పెట్ట ఈ మందు కలిసిన మేత తిన్న కొద్ది రోజుల్లోనే తెల్ల గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. పెంకుకు రంగు వేసే పనిని మందు ఆపేస్తుంది. మేత మానిపిస్తే కొన్నాళ్లకు మళ్లీ రంగు వస్తుంది. లోపల జరిగేది ఇంకా పెద్దది. పచ్చసొనను, తెల్లసొనను వేరుచేసి ఉంచే పొర పట్టు తప్పుతుంది. రెండూ కలిసిపోతాయి. ఆ గుడ్లలో పిండం నిలవదు, పిల్లలు లేవవు. అమెరికాలో ఊళ్లలో పావురాలు, చెరువుల్లో బాతులు మితిమీరితే వాటి సంఖ్య తగ్గించడానికి ఈ మందునే మేతలో కలిపి పెడతారు. వాటిని చంపనక్కర్లేదు, గుడ్లు పొదగకపోతే చాలు.

మన దగ్గర వనరాజా, గ్రామప్రియ కోళ్లు చాలా ఇళ్లకు వచ్చాయి. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలవి, గోధుమ రంగు గుడ్లు పెడతాయి. అవి సరిగా పొదగవు కాబట్టి ఆ గుడ్లను నాటు పెట్ట కింద పెడుతున్నారు. మంచి పనే. కానీ పక్క షెడ్డులో మిగిలిన బ్రాయిలర్ దాణా చవకగా దొరికిందని ఈ పెట్టలకు పోయకండి. సంచి మీద ఏ మందు కలిపారో రాసి ఉంటుంది, చదివించుకోండి. పొదిగేసిన ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డును మొద్దు కొస వైపు నుంచి ఆనించి చూడండి. నల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్రటి సన్న గీతలు ఉంటే పిల్ల బాగుంది. ఎర్రటి వలయం ఒక్కటే కనిపిస్తే పిండం మొదటి రోజుల్లోనే చచ్చిపోయింది. అట్లాంటివి ఒకటీ రెండూ ఉంటే మందును అనుమానించనక్కర్లేదు. గుడ్డు నిలవది కావచ్చు, ఎండ తగిలి ఉండవచ్చు, పెట్ట లేచిపోయి గుడ్డు చల్లబడి ఉండవచ్చు. గంపలో సగానికి సగం అట్లా ఉంటే మాత్రం పెట్టకు ఈ మధ్య ఏం పెట్టారో గుర్తుచేసుకుని పశువుల డాక్టరుకు చెప్పండి.

మనుషుల దగ్గర ఈ లెక్క ఇంకా కష్టం, ఎందుకంటే రోజు తెలియదు. గుడ్డును ఏ పూట పొదిగేశామో మనకు తెలుసు. గర్భం ఏ రోజున నిలిచిందో తల్లికే తెలియదు. కోడి పిండంలో రెండో రోజున మూసుకునే వెన్నుపాము గొట్టం, మనిషి పిండంలో గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అంటే నెల తప్పి రెండు వారాలైనా కాకముందే. ఆశా కార్యకర్త వచ్చి పరీక్ష చేసేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. అందుకే గర్భవతివా అని ఒక్కటే అడిగితే చాలదు. పెళ్లయిన అమ్మాయికి ఏ మందు రాసినా "ఈ నెల బహిష్టు అయిందా? పిల్లల కోసం చూస్తున్నారా?" అని కూడా అడగాలి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ఊళ్లో గోళీ ఇచ్చే ఆర్.ఎం.పి.కి కూడా చెప్పండి. సిగ్గుపడాల్సిన మాట కాదు.

మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ అట్లాంటి మందు. తల్లి దాన్ని వాడుతుంటే వెన్నుపాము మూసుకోని బిడ్డలు నూటికి ఒకరిద్దరు పుట్టే ప్రమాదం ఉందని ఫ్రాన్స్‌లో 1982లో గుర్తించారు. కోడి పిండాల్లోనూ అదే చెడుపు కనిపించింది. అట్లాగని భయపడి గోళీలు ఒక్కసారిగా మానెయ్యడం ఇంకా ప్రమాదం, మూర్ఛ వచ్చి తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. పెళ్లి కుదిరినప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్తే మందు మార్చే వీలుంటుంది. మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు విరివిగా రాస్తున్నారు. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు కావాలనుకునే స్త్రీ దాన్ని ముందే ఆపాలి, ఎన్నాళ్ల ముందో డాక్టరు చెప్తారు.

మన ఏజెన్సీలో మలేరియా సంగతి వేరే చెప్పాలి. వానాకాలం జ్వరం వస్తే గర్భిణికి మందు వద్దని ఇంట్లో కూర్చోబెట్టడం పెద్ద పొరపాటు. మలేరియా గర్భంలోని బిడ్డకు చేసే కీడు ముందు క్లోరోక్విన్ భయం ఎంత మాత్రమూ కాదు, క్లోరోక్విన్‌ను గర్భిణులకు ఇస్తారు. ఇవ్వనిది ప్రైమాక్విన్. రక్తపరీక్ష చేసినవాళ్లకు గర్భం సంగతి చెప్తే ఆ గోళీ తీసి మిగతావి ఇస్తారు. ఏ రకం మలేరియా, ఎన్నో నెల అన్నది చూసి మందు నిర్ణయిస్తారు.

సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అసలు పదార్థం, ఫోలిక్ ఆమ్లం, ఈ రోజున మన ఊళ్లలోనే పంచుతున్నారు. గర్భిణికి రోజూ ఇచ్చే ఎర్ర గోళీలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంది. ఒకసారి వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వాళ్లు నడిపిన పెద్ద పరీక్షలో తేలింది. వేసుకోవాల్సింది గర్భం నిలవకముందే. నెల తప్పాక మొదలుపెట్టే గోళీ రక్తానికి పనికొస్తుంది కానీ, అప్పటికే మూసుకుపోయిన వెన్నుపాముకు కాదు. బడిలో ఆడపిల్లలకు వారానికి ఒకటి ఇచ్చే నీలం గోళీలో ఉన్నది కూడా ఇవే ఇనుము, ఫోలిక్ ఆమ్లం. కడుపులో తిప్పుతోందనో, చేదుగా ఉందనో పిల్లలు దాన్ని జేబులో వేసుకుని దారిలో పారేస్తున్నారు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పదు. ఇంట్లో అమ్మలూ, అమ్మమ్మలూ వారం వారం ఒకసారి అడగండి: గోళీ వేసుకున్నావా బిడ్డా అని. పెళ్లై కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి కోసమైతే, నెల తప్పేదాకా ఆగకుండా ఉపకేంద్రంలో నర్సమ్మను అడిగి ఫోలిక్ ఆమ్లం గోళీలు తెచ్చుకోండి.